రెండు కుక్కలు, మా ఆయన గీసిన డ్యామ్

మా ఆయన ఒక డ్యామ్ కట్టాడని పెళ్లయిన కొత్తలో నేను నిజంగానే నమ్మాను. పెళ్లిచూపులకు వచ్చినప్పుడే వాళ్ల పెద్దమ్మ చెప్పింది, "మావాడు అడవిల డ్యామ్ కట్టిస్తున్నడు" అని. మా నాన్న ఆ మాటకే ఒప్పుకున్నాడేమో కూడా. తర్వాత తెలిసింది, ఆయన ఖమ్మంలో ఒక ఆఫీసులో ఫ్యాన్ కింద కూర్చుని ఆ డ్యామ్ బొమ్మ గీశాడని. డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం. పెద్ద ఇంజనీర్లు జీపుల్లో చర్ల అవతల అడవికి వెళ్లి కొలతలు తెచ్చేవాళ్లు. ఈయన వాటిని కాగితం మీద గీతలుగా మార్చేవాడు. ఆ చోటుకు ఒక్కసారి కూడా వెళ్లలేదు. జీపులో ఈయనకు సీటు మిగిలేది కాదట.

అయినా సర్వీసు మొత్తం దాన్ని "మా డ్యామ్" అనే అన్నాడు. నాలుగు చినుకులు పడితే "మా డ్యామ్ నిండి ఉంటది" అనేవాడు. ఎండాకాలం మా వీధిలో నల్లా రాకపోతే, ఆ డ్యామ్‌కూ మా నల్లాకూ ఏ సంబంధం లేకపోయినా, "మా డ్యామ్ల చూడు, ఈపాటికి సముద్రం లెక్క ఉంటది" అనేవాడు. నేను దవాఖానాలో స్టాఫ్ నర్సుగా పనిచేశాను. కాన్పుల వార్డులో ఎంతమంది పిల్లలను మొదట నా చేతుల్లోకి తీసుకున్నానో నాకే తెలియదు. వాళ్లలో ఒక్కరిని కూడా "మా పిల్లలు" అని చెప్పుకోలేదు. నర్సులకు అంత ధైర్యం ఉండదు.

రిటైరైన ఏడాదే ఆయనకు షుగర్ బయటపడింది. రోజూ నడవమన్నాడు డాక్టరు. ఒక్కడే నడిస్తే పనిలేక తిరుగుతున్నాడని జనం అనుకుంటారని, మా చర్చి గేటు దగ్గర పడుకునే ఒక ఎర్ర కుక్కను వెంట తిప్పడం మొదలుపెట్టాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక పిల్లలు పారేసే బిస్కెట్ల మీద బతికే కుక్క అది. కొన్నాళ్లు ఆయన వెనక నడిచి, ఒక సాయంత్రం తిన్నగా మా ఇంట్లోకి వచ్చి సోఫా కింద పడుకుంది. మళ్లీ వెళ్లలేదు. దానికి పేరు పెట్టలేదు. "ఏయ్" అంటే వస్తుంది. గిన్నె చప్పుడైతే అనకపోయినా వస్తుంది.

ఇది చూసి మా ఆడపడుచు భర్త ఊరుకోలేకపోయాడు. నేను ఆయన్ను అన్నయ్య అంటాను. టైల్స్ షాపు ఉంది, చర్చిలో పాటల బృందానికి పెద్ద. మేము ఫ్రిజ్ కొంటే ఆయన రెండు తలుపుల ఫ్రిజ్ కొన్నాడు. మేము వీధికుక్కను తెచ్చుకుంటే ఆయన హైదరాబాద్ వెళ్లి జర్మన్ షెపర్డ్‌ను తెచ్చాడు. "దీని తాత పోలీసు డిపార్ట్‌మెంట్ల చేసిండు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు, పెళ్లి సంబంధం మాట్లాడుతున్నట్టు. దానికి ఏదో దేశపు చక్రవర్తి పేరు పెట్టాడు. ఆ పేరు నేనిక్కడ రాయను, చక్రవర్తి అనే రాస్తాను. మిక్సీ తిరిగితే చక్రవర్తి మంచం కిందకు దూరేది. కుక్కర్ మూడో విజిల్‌కు దాన్ని బయటికి లాగడం ఎవరి తరమూ అయ్యేది కాదు.

చలి తగ్గి ఎండ ముదురుతున్న రోజుల్లో ఒక సాయంత్రం అన్నయ్య ఫోన్ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"బావా, నీ డ్యామ్ దొరికింది" అన్నాడు.

పైనుంచి తీసిన ఫోటోల మ్యాపులో అడవి మధ్య ఒక సన్నటి గీత కనిపించింది. మా ఆయన కళ్లద్దాలు తుడుచుకుని చూశాడు. వేలితో ఆ గీతను తడిమాడు. "ఇదే. ఈ వంపు చూడు. ఈ వంపు నేనే పెట్టిన" అన్నాడు. గీతకు ఒక పక్క అంతా ముదురు పచ్చగా ఉంది.

"నీళ్లు గింత పచ్చగున్నయేందండీ?" అన్నాను.

"పాచి. నిల్వ నీళ్లు గద, పాచి పడ్తది."

అన్నయ్యకు అప్పటికే ఉత్సాహం వచ్చేసింది. "ఒక్కరోజు పోయొద్దాం బావా. కుక్కలను గూడ తీస్కపోదాం. ఇండ్ల పడుండి మా వాడు గట్ల తయారైండు గని, అడవిల దిగితే దాని అసలు గుణం బయటపడ్తది."

అసలు గుణం బయటపడుతుందన్న మాట మాత్రం నిజమే అయింది.

అవి శ్రమకాలపు ఉపవాస దినాలు. ఈస్టర్ వరకు నీసు ముట్టనని అన్నయ్య ఆ ఏడు మొక్కుకున్నాడు. మొక్కు దేవుడికీ తనకూ మధ్య ఉంచుకోవలసింది కదా, ఆయన మాత్రం చర్చిలో చెప్పాడు, షాపులో చెప్పాడు, మా ఇంటికి పాలుపోసే అతనికి కూడా చెప్పాడు. అందుకని దారికి నేను పులిహోర, పెరుగన్నం, వంకాయ వేపుడు కట్టాను. మా ఆడపడుచు మోకాళ్ల నొప్పులని రాలేదు గానీ, చక్రవర్తి కోసం ఒక స్టీలు డబ్బా పంపింది. అందులో ఉప్పు లేకుండా ఉడికించిన మటన్. "కుక్కకేం ఉపవాసం వదినా? అది బాప్తిస్మం తీసుకోలే గద" అంది.

తెల్లవారుతుండగా బయల్దేరాం. అన్నయ్య టోపీ పెట్టుకుని, మెడలో విజిల్ వేసుకుని, జేబులు ఎక్కువ ఉన్న ప్యాంటు తొడుక్కుని వచ్చాడు. చక్రవర్తి నాలుగు కాళ్లకూ ఎర్ర బూట్లున్నాయి. ఆన్‌లైన్‌లో తెప్పించాడట, అడవిలో నేల కాలుతుందని. ఆ బూట్లతో అది కాళ్లు ఎత్తెత్తి వేస్తూ, బురదలో నడుస్తున్న కొంగలా కారెక్కింది. మా ఎర్రది దాన్ని ఒకసారి పైనుంచి కిందికి చూసి, సీటు మధ్యలో చతికిలబడింది.

భద్రాచలం వంతెన దాటేటప్పుడు గోదావరి సన్నగా, ఇసుక తిన్నెల మధ్య దారి వెతుక్కుంటున్నట్టుంది. మా ఆయన అద్దంలోంచి చూసి, "దీనికంటే మా డ్యామ్ల నీళ్లెక్కువుంటయ్" అన్నాడు. అన్నయ్య భక్తిగా తలూపాడు.

చర్ల దాటాక రోడ్డు మీద పోలీసు క్యాంపు వచ్చింది. ఇసుక బస్తాలు, ముళ్ల తీగ, అడ్డంగా ఒక కర్ర. కారు ఆపి దిగమన్నారు. జవాన్లు కొందరు మన వైపు వాళ్లు కాదు, హిందీలో మాట్లాడుతున్నారు. వాళ్లతో ఒక తెలుగు కానిస్టేబుల్ ఉన్నాడు. ఆయనే మమ్మల్ని అడిగాడు.

"యాడికి పోతున్నరు?"

"డ్యామ్ చూడనీకి" అన్నాడు మా ఆయన.

"ఏ డ్యామ్? ఇక్కడ డ్యామ్ లేదు సార్."

"ఉన్నది. నేనే గీసిన."

కానిస్టేబుల్ అడ్డకర్ర మీద మోచెయ్యి ఆనించాడు. "గీసిన్రు సరే. కట్టిన్రా?"

మా ఆయన మొహం ముడుచుకుంది. అంతలో ఒక జవాను తాడు పట్టుకుని తనిఖీ కుక్కను తెచ్చాడు. సన్నగా, గోధుమరంగులో, ఎముకలు తేలి ఉంది. మా రెండు కుక్కలూ దానికి కనిపించనైనా కనిపించలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, వెనక డిక్కీ దగ్గర ఆగి, వాసన చూసి, నిశ్శబ్దంగా కూర్చుంది.

అది కూర్చోగానే అక్కడున్న జవాన్లందరూ లేచారు.

కుక్క కూర్చోవడానికి అర్థం నాకు తెలియదు. దానికి అలసటగా ఉందేమో అనుకున్నాను. కానిస్టేబుల్ గొంతు మారిపోయింది. "అందరూ దూరం జరగండి. చేతులు కనపడాలె" అన్నాడు. మేము ముగ్గురం రోడ్డు పక్కన మోదుగు చెట్టు కింద చేతులు పైకెత్తి నిలబడ్డాం. అన్నయ్య కళ్లు మూసుకుని పెదాలు కదుపుతున్నాడు. పోలీసు డిపార్ట్‌మెంట్‌లో పనిచేసిన తాత గల చక్రవర్తి, ఆ తనిఖీ కుక్క ముందు వెల్లకిలా పడుకుని, నాలుగు ఎర్ర బూట్లూ ఆకాశం వైపు చాపింది. దాన్ని చూసి ఇద్దరు జవాన్లు తుపాకులు పట్టుకునే నవ్వారు.

డిక్కీ తెరిచారు. టిఫిన్ క్యారియర్లు తీశారు, నీళ్ల క్యాన్ తీశారు. స్టెప్నీ కింద నుంచి ఒక ప్లాస్టిక్ సంచి బయటికి వచ్చింది. సంచి నిండా టపాకాయలు. లక్ష్మీబాంబులు, లడీలు, చిచ్చుబుడ్లు.

"ఏంది సార్ ఇది?" అన్నాడు కానిస్టేబుల్.

"క్రిస్మస్‌వి సార్" అన్నాడు అన్నయ్య, చేతులు దించకుండానే. "కొన్న గని కాల్చలే."

"ఎందుకు కాల్చలే?"

అన్నయ్య వెల్లకిలా పడుకున్న చక్రవర్తి వైపు చూశాడు. "కుక్క భయపడ్తది సార్."

"గా పోలీసు జాతి కుక్కనా?"

ఎవరో పెద్దాఫీసరు బయటికొచ్చి సంచి చూసి, మా మొహాలు చూసి, హిందీలో ఏదో అని లోపలికి పోయాడు. తిట్టాడో నవ్వాడో తెలియలేదు. టపాకాయలు వాళ్లే ఉంచుకున్నారు. అడవిలో చీకటి పడకముందే తిరిగి రావాలని, లేకపోతే వాళ్లే వెతుక్కుంటూ రావలసి వస్తుందని కానిస్టేబుల్ గట్టిగా చెప్పాడు. కర్ర పైకి లేచింది. కారు కదిలాక మా ఆయన, "కట్టిన్రా అంటడు" అన్నాడు, అద్దం వైపు తిరిగి.

తారు రోడ్డు పోయి మట్టి రోడ్డు వచ్చింది. మట్టి రోడ్డు పోయి ట్రాక్టరు బాట వచ్చింది. అది కూడా ఒక చిన్న గూడెం దగ్గర ఆగిపోయింది. అక్కడ కారు నీడన పెట్టి, మిగతాది నడిచాం. నేల మీద అప్పుడప్పుడే ఇప్పపువ్వు రాలుతోంది, గాలంతా తీపి వాసన. అన్నయ్య విజిల్ ఊదుతూ ముందు నడిచాడు. చక్రవర్తి ప్రతి ఎండుటాకు చప్పుడుకూ ఆయన కాళ్ల మధ్యకు దూరుతోంది. కొంతదూరం పోయాక దాన్ని భుజాన వేసుకుని నడిచాడు. అది చిన్న కుక్క కాదు. ఆయన చిన్న వయసువాడు కాదు. చూస్తుంటే నాకు బీపీ మిషన్ తెచ్చుకోవలసిందనిపించింది.

మా ఎర్రదాన్ని కారులోనే వదిలాం, భోజనం సంచులకు కాపలాగా. గాలి ఆడాలని మా ఆయన అద్దాలు సగం దించి పెట్టాడు.

చెట్లు పలచబడిన చోట కట్ట కనిపించింది. రాళ్లు పేర్చిన పొడుగాటి కట్ట, నడుమ చిన్న వంపు. మా ఆయన నిజంగానే పరుగెత్తాడు. మోకాలి మీద చెయ్యి వేసుకుని కట్ట ఎక్కాడు, పైకి చేరి ఆగిపోయాడు. నేను వెనకాల ఆయాసపడుతూ ఎక్కి ఆయన పక్కన నిలబడ్డాను.

నీళ్లు లేవు. చుక్క లేదు. కట్టకు ఆ పక్క, నీళ్లుండాల్సిన చోటంతా వేరుశనగ చేను. ముదురు పచ్చగా, ఏపుగా, కంటికి ఆనినంత దూరం. దూరంగా కట్ట చివర ఒక పెద్ద గండి పడి ఉంది. ఎప్పుడో వరదకు వాగు కట్టను పక్కనుంచి కోసుకుని, కొత్త దారి చేసుకుని, డ్యామ్‌ను అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

"పాచి" అన్నాను నేను. అనకుండా ఉండవలసింది. నోరు జారింది.

మా ఆయన కట్ట మీద కూర్చున్నాడు.

చేనులో కలుపు తీస్తున్న ఒక ఆవిడ మమ్మల్ని చూసి నడుం ఎత్తింది. దాదాపు నా వయసే ఉంటుంది. ఆమె భర్త అవతల మేకలను తోలుకొస్తున్నాడు. ఇద్దరూ ఆ గూడెం వాళ్లే, వాళ్లలో వాళ్లు కోయలో మాట్లాడుకున్నారు. తర్వాత ఆమె నాతో తెలుగులో అంది:

"ఎవలక్కా మీరు? సర్వేకొచ్చిన్రా?"

"లేదక్కా. మా ఆయన ఈ డ్యామ్ కట్ట... గీసిండు. చూడనీకి వచ్చినం."

ఆమె మా ఆయన్ను చూసింది, కట్టను చూసింది. మొహం విప్పారింది. "ఈ కట్ట ఈ సారే పెట్టిండా? మంచిగ పెట్టిండు. వాన మన్నంత కొట్టుకొచ్చి ఈడ ఆగింది. మా దిక్కు గిసుంటి నేల యాడ లేదు. పీకుడుకొస్తే రా అక్కా, చూద్దువు."

ఆమె మనస్ఫూర్తిగానే మెచ్చుకుంది. మా ఆయనకు మాత్రం ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. నీళ్లు ఆపడానికి గీసిన గీత మట్టిని ఆపింది. ఆయన లేచి, "తూము చూసొస్త" అని కట్ట దిగి వెళ్లాడు. ముక్కు చీదుకుంటున్నాడు.

ఆమె నన్ను చేనులోకి పిలిచింది. మధ్యలో చిన్న కాలువ, దాని మీద దాటడానికి ఒక నల్లటి నాపరాయి వేసి ఉంది. కాలు పెట్టబోయి చూశాను. ప్రారంభోత్సవం నాటి శిలాఫలకం అది. ఏళ్ల తరబడి పాదాలు పడి పేర్లన్నీ అరిగిపోయాయి. "గౌరవనీయులైన" అన్న ఒక్క మాట మిగిలింది. ఎవరు గౌరవనీయులో ఇప్పుడు చెప్పగలవాళ్లు లేరు. దాని మీదుగా దాటి అవతల గట్టు మీద కూర్చున్నాం. ఆమె పచ్చి కాయలు నాలుగు పీకి నా చేతిలో పెట్టింది. పాలు కారుతున్నాయి.

అప్పుడే గొడవ మొదలైంది.

అన్నయ్య చక్రవర్తిని భుజం మీద నుంచి దించి, తాడు విప్పి, "పో, స్వేచ్ఛగ ఉరుకు" అన్నాడట. చక్రవర్తి జీవితంలో మొదటిసారి మేకలను చూసింది. మేకల్లో ఒక గడ్డం పోతు ఎర్ర బూట్లను మొదటిసారి చూసింది. పోతు తల వంచింది. చక్రవర్తి ఒక్క కేక పెట్టి, కట్ట కింది వైపు పరుగెత్తి, నీళ్లు బయటికి పోవడానికి కట్టిన తూములోకి దూరిపోయింది. ఒక బూటు బయటే పడిపోయింది.

మేము పోయేసరికి అన్నయ్య తూము ముందు మోకాళ్ల మీద ఉన్నాడు. మనిషి వంగితే పట్టేంత రాతి సొరంగం అది. లోపల చీకటి, గబ్బిలాల కంపు. చక్రవర్తి మొరిగితే ఆ మొరుగుడు లోపల తిరిగి తిరిగి పది కుక్కలు మొరిగినట్టు వస్తోంది. ఆ పది కుక్కలకు భయపడి అది ఇంకా లోపలికి పోతోంది.

"అటుపక్కకెళ్లి బయటికొస్తదా బావా?" అన్నాడు అన్నయ్య.

"రాదు. అటుపక్క గేటున్నది, మన్ను నిండి మూసుకపోయి ఉంటది" అన్నాడు మా ఆయన. ఆ రోజు ఆయన డ్రాయింగులో పనికొచ్చిన ముక్క అదొక్కటే. అదీ ఎవరికీ సంతోషం కలిగించలేదు.

అన్నయ్య విజిల్ ఊదాడు. పేరు పెట్టి పిలిచాడు. చర్చిలో పాడే పాట ఒకటి పాడాడు, ఇంట్లో సాధన చేసేటప్పుడు అది పక్కనే పడుకుంటుందట. సొరంగంలో ఆయన గొంతు ఎంత భయంకరంగా మోగిందంటే, గబ్బిలాలు కొన్ని బయటికి వచ్చేశాయి. కుక్క రాలేదు. కోయ ఆవిడ భర్త పొగ పెడదామన్నాడు. "పొగ పెడ్తె జల్దీ వస్తది, ముళ్లపందిని గట్లనే తీస్తం" అన్నాడు. ముళ్లపందిని తీశాక ఏం చేస్తారని నేను అడగలేదు. అన్నయ్య అడిగాడు. జవాబు విని పొగ వద్దన్నాడు.

"లోపలికి పోయి పట్టుకురాండి అన్నయ్యా, మీ కుక్కే గద" అన్నాను.

"పాములుంటయేమో చెల్లె."

"మరి దానికి పాములుండవా?"

ఆయన ఏడ్చేశాడు. నిజంగా, టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. అంతవరకు లోలోపల నవ్వుకుంటున్న నాకు ఒక్కసారిగా జాలి వేసింది. వాళ్లకు పిల్లలు లేరు. కుక్కను గురించి ఆయన చెప్పే గొప్పలన్నీ, మేము మా పిల్లల మార్కుల గురించి ఒకప్పుడు చెప్పిన గొప్పలే.

ఏదైనా తిండి చూపిస్తే వస్తుందని మా ఆయన భోజనం తేవడానికి కారు దగ్గరికి వెళ్లాడు. చాలాసేపటికి స్టీలు డబ్బా ఒక్కటే పట్టుకుని తిరిగొచ్చాడు. సగం దించిన అద్దంలోంచి కోతులు దూరాయట. పులిహోర లేదు, పెరుగన్నం లేదు, వంకాయ వేపుడు కారు సీటు మీద ఉంది. మూత గట్టిగా బిగించిన మటన్ డబ్బాను తెరవడం మాత్రం వాటి వల్ల కాలేదు.

"మనది ఏం చేస్తున్నది?" అన్నాను.

"కోతులతోటి కలిసి కూసున్నది. పులిహోర తింటున్నది" అన్నాడు మా ఆయన.

అన్నయ్య డబ్బా మూత తీసి తూము ముందు పెట్టాడు. వాసన లోపలికి పోవాలని టోపీతో విసిరాడు. వాసన లోపలికి పోయిందో లేదో, మాకు మాత్రం బాగా తగిలింది. పొద్దున తిన్న ఉప్మా ఎప్పుడో అరిగిపోయింది. మధ్యాహ్నం దాటింది. ఎండ మాడుస్తోంది. కుక్క రాలేదు. కాసేపటికి దాని మొరుగుడు కూడా ఆగిపోయింది. అది ఇంకా భయమనిపించింది.

"మంచిగున్నదని చూపియ్యాలె దానికి" అన్నాడు అన్నయ్య, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు.

ఒక ముక్క తీసి పైకెత్తి పట్టుకున్నాడు. "ఇదో, చూడు. మటన్" అన్నాడు చీకట్లోకి. తర్వాత ఆ ముక్కను నోట్లో పెట్టుకున్నాడు. ఉప్పు లేని మటన్. కళ్లు మూసుకుని నమిలాడు. మా ఆయన నా వైపు చూశాడు, నేను ఆకాశం వైపు చూశాను. అన్నయ్య రెండో ముక్క తీశాడు, ఈసారి చూపించడం కూడా మానేశాడు. మూడోదానికి ఎముక వచ్చింది. ఎముక కొరికిన చప్పుడు తూములోకి పోయి, మోగి, పది మంది ఎముక కొరికినట్టు తిరిగొచ్చింది.

లోపలి నుంచి ఒక గుర్రుమన్న శబ్దం. తర్వాత గోళ్ల చప్పుడు. గబ్బిలాల రెట్టతో తెల్లబడి, చెవులు వెనక్కి పెట్టి, చక్రవర్తి బాణంలా దూసుకొచ్చి డబ్బా మీద పడింది. మేకపోతు అక్కడే నిలబడి ఉంది. దాన్ని కన్నెత్తి చూడలేదు. దాని తాత పోలీసు ఉద్యోగం చేశాడంటే ఆ ఒక్క క్షణం నేనూ నమ్మాను.

అన్నయ్య నోట్లో ముక్క అలాగే ఉంచుకుని దాన్ని వాటేసుకున్నాడు. కోయ ఆవిడ చప్పట్లు కొట్టింది.

"మూగజీవి పానం కోసం" అన్నాడు ఆయన కాసేపయ్యాక, మూతి తుడుచుకుంటూ, మా ఇద్దర్నీ చూడకుండా. "లేకుంటే నేను ముట్టను, మీకు తెల్వదా?"

"అవ్ అవ్" అన్నాడు మా ఆయన.

"మీ చెల్లెకు చెప్పకు బావా."

"నేనెందుకు చెప్త? నువ్వు డ్యామ్ల నీళ్లు చూసినవ్, నేను నువ్వు మటన్ తినంగ చూడలే" అన్నాడు మా ఆయన. వాళ్లిద్దరి మధ్య అంత త్వరగా ఒప్పందం కుదరడం నేను ఎన్నడూ చూడలేదు. ఆస్తి పంపకాలప్పుడు కూడా.

మాకు తినడానికేమీ లేదని తెలిసి ఆ దంపతులు వాళ్ల చేను గుడిసెలోకి తీసుకెళ్లారు. జావ, పచ్చిమిరపకాయ నూరిన కారం, ఉడకబెట్టిన వేరుశనగ పెట్టారు. మా ఆయన షుగరు గోల మర్చిపోయి రెండు గిన్నెలు జావ తాగాడు. ఆమె భర్త కట్ట గురించి ఆయన్ను ఏవేవో అడిగాడు, ఎన్ని రాళ్లు పట్టాయి, ఎవరు మోశారు అని. మా ఆయన వాటికి వేటికీ జవాబు తెలియదన్నాడు. "నేను ఆఫీసుల కూసున్న. రాయి మోసినోళ్లను చూడలే" అన్నాడు. ఆయన నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు.

"మా నాయన మోసిండు" అన్నాడు అతను మామూలుగా. "కూలి కంటె తిట్లెక్కువ ఇచ్చిన్రంట." ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత చేను చుట్టూ తిరిగొచ్చారు, మా ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, అతను ముందు నడుస్తూ. గండి దగ్గర చాలాసేపు నిలబడి వాగును చూశారు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు.

చీకటి పడకముందే క్యాంపు దాటాలి కాబట్టి పొద్దుండగానే బయల్దేరాం. పోలీసులు మమ్మల్ని చూసి కర్ర ఎత్తారు, తనిఖీ కూడా చేయలేదు. కారులో గబ్బిలాల కంపు, పులిహోర కంపు కలిసి ఊపిరాడలేదు. రెండు కుక్కలూ ఒకదాని మీద ఒకటి తల పెట్టి నిద్రపోయాయి.

ఆ ఆదివారం అన్నయ్య చర్చిలో సాక్ష్యం చెప్పాడు. అంధకార గుహలోంచి దేవుడు ఒక మూగప్రాణిని ఎలా బయటికి రప్పించాడో, ఒక దీనుడైన మనిషి పాటను ఎలా వాడుకున్నాడో చెప్పాడు. జనం కళ్లు తుడుచుకున్నారు. మా ఆడపడుచు నా చెవిలో, "పాటకే వచ్చిందా వదినా?" అంది. "గొంతు బాగా పనిచేసింది" అన్నాను నేను. అబద్ధమైతే కాదు కదా.

మా ఆయన తర్వాత కొన్నాళ్లు డ్యామ్ మాట ఎత్తలేదు. నడకకు పోయేవాడు, వచ్చేవాడు. నాకే తోచక, "ఈపాటికి కాయలు ముదిరి ఉంటయి గద" అని ఒకరోజు నేనే అన్నాను. "ఉగాది దాటినంక పీకుతరంట" అన్నాడు. ఎప్పుడు అడిగి తెలుసుకున్నాడో మరి. వాళ్ల ఫోన్ నంబరు కూడా తీసుకున్నాడని అప్పుడు తెలిసింది. అప్పుడప్పుడు మాట్లాడుకుంటున్నారట. వాన గురించి, పందులు చేను మీద పడటం గురించి, గండి ఇంకా పెరుగుతుందా అని. "పెరగదు, అక్కడ రాయున్నది" అని మా ఆయన చెబితే, "అవ్ సార్, మేమూ గదే అనుకుంటున్నం" అన్నాడట అతను.

ఉగాది అయ్యాక ఒక రోజు బస్సు కండక్టరు ఫోన్ చేశాడు, మీకు ఒక బస్తా వచ్చింది, బస్టాండుకు రండి అని. ఆటోలో వెళ్లి తెచ్చుకున్నాం. విప్పితే నిండా వేరుశనగ, కాయలకు నల్లటి మెత్తటి మన్ను అంటుకుని ఉంది. సగం ఆడపడుచు ఇంటికి పంపి, మిగతావి కడిగి, ఉప్పేసి ఉడకబెట్టాను. మా ఆయన వరండాలో కూర్చుని ఒలుచుకుని తింటూ, పక్కింటాయన వస్తే ఆయన చేతిలో కూడా గుప్పెడు పోశాడు.

"యాడియి సార్, మంచిగున్నయ్" అన్నాడు పక్కింటాయన.

"చర్ల దిక్కు మా దోస్తు పండిచ్చిండు" అన్నాడు మా ఆయన, ఇంకో కాయ ఒలుచుకుంటూ.